వేడిగా ఉండగా నీళ్ళు పోయరాదు

1

రెండు పంపులూ తిరుగుతున్నాయి. ఎడమ పంపు వడపోత గుడ్డ మార్చాను.

పై ముక్క ఆఫీసు కోసం. దాని కింద ఏం రాసుకున్నా ఎవరూ చదవరని నాకు ముందు ఈ పంపుహౌసులో పనిచేసినాయన చెప్పి వెళ్ళాడు.

గుడ్డ కోస్తుంటే కత్తి మొన విరిగింది. తెల్లరాతి కత్తులన్నీ ఇంతే. తుప్పు పట్టవు, పదును పోదు, చెయ్యి జారితే మాత్రం ముక్కలవుతాయి. మా నాన్న దగ్గర ఇనుప కత్తి ఉండేది. అది వంగేది. రాయి మీద కొట్టి సరిచేసుకునేవాడు. ఇనుమంతా పట్టుకెళ్ళిపోయాక ఈ గట్టు మీద వంగే వస్తువు లేదు.

పెదనాన్న బోడయ్యను నిన్న సాయంత్రం కాల్చాం. ఈ ఉదయం ఆయన తుంటిలో ఎముకకు బదులు వేసిన రాతి గుండు తీశాం. ఇదివరకు మూడోనాడు బూడిద చల్లారాక ఎముకలు ఏరేటప్పుడు తుంటి గుండు కూడా ఏరి డిపోకు ఇచ్చేవాళ్ళం. మధ్యలో గుండ్లు మాయమవుతున్నాయని ఎండాకాలంలో కొత్త రూలు పెట్టారు. కాల్చిన మర్నాడు మధ్యాహ్నం లోపు డిపో బండికి అప్పగించాలి. అప్పగించిన ఇంటికే తర్వాతి గుండులో మొదటి వంతు. ఆలస్యమైతే వంతు పోతుంది.

కర్మ చేయించే దాసరి సోములు కర్రతో బూడిద కదిపి చూశాడు.

"నాయుడూ, కింద ఇంకా కణకణలాడతన్నాది. సెయ్యెట్టలేం."

"బండి వచ్చీసింది సోములూ."

"బండోడికేటి. కాలతన్నది ఆడి బాబు కాదు."

బండివాడు దిగకుండానే ఎండ వంక చూస్తున్నాడు. సోములు నాకు కుండ ఇచ్చాడు. నేను నీళ్ళు పోశాను. ఆ తర్వాత ఆయన పాలపొడి కలిపిన నీళ్ళు పోశాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో ఒకసారి టిక్కుమంది. ఎముక అనుకున్నాను.

మనిషంతా బూడిదయ్యాడు. ఎముకలో దిగిన కడ్డీ నల్లబడింది. దాని కొసన చిన్న నిమ్మకాయంత గుండు మాత్రం తెల్లగా, అప్పుడే కడిగినట్టు ఉంది. కడ్డీతో సహా గుడ్డలో చుట్టి బండివాడికి ఇచ్చాను.

2

రెండు పంపులూ తిరుగుతున్నాయి.

నా భార్య ఆదెమ్మకు గుండు వేశారు. పోయిన వానల్లో అది బురద చెరువు గట్టు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి కర్ర పట్టుకునే నడిచేది. నడిచి పనిలోకి రాలేని వాళ్ళకు ఈ గట్టు మీద ఇల్లుండదు. దిగువన షెడ్డుకు పంపేస్తారు. అక్కడ గంజి పోస్తారంటారు. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. చూసి రావడానికి పంపులు వదిలి నాకు వెళ్ళే వీల్లేదు. షెడ్డు వాళ్ళు రెండుసార్లు వచ్చి ఆదెమ్మ నడక చూసుకుని వెళ్ళారు. పెదనాన్న పోయి వంతు మాకు వచ్చాక రావడం మానారు.

వేసేముందు డాక్టరు యశోధర గుండును నాకు చూపించింది. కొలత వలయంలోంచి దూర్చింది. భూతద్దం పెట్టి తిప్పి చూసింది.

"గీత లేదు. కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు."

"మా పంపు రింగుది కూడా ఇదే రాయంటారు కదమ్మా."

"అదే పొడి, బట్టీలో కాల్చి చేసిందే. దీనికి ఇంకా సన్నంగా నూరతారు. అందుకే అరగదు. ఒంట్లో ఉన్నట్టు ఒంటికి తెలియదు కూడా. ఒకటే ఇబ్బంది. ఇది బాగున్నంత కాలం బాగుంటుంది. పోతే ముందు చెప్పి పోదు."

మత్తు దిగాక ఆదెమ్మ నన్నే చూస్తూ పడుకుంది.

"బావా, మీ పెదనాన్న బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్క పూట కుదురుగా కూకోనిచ్చినాడేటి? ఇప్పుడు సూడు, నాను కూకోవాలంటే ఆయనే గతి."

నర్సు నవ్వింది. నేనూ నవ్వాను.

3

కుడి పంపు మధ్యాహ్నం వరకు ఆగింది. ఎడమది తిరుగుతోంది.

బురద గడ్డ గొట్టం మూతికి అడ్డుపడి కుడి పంపు నీళ్ళు లేకుండా తిరిగింది. నేను చూసేసరికి రింగు దగ్గర పొగ వస్తోంది. పంపు ఆపేసి పక్కన కూర్చున్నాను. పంపులో రెండు రాతి రింగులు ముఖాలు ఆనించుకుని తిరుగుతాయి. మధ్యలో నీటి పొర ఉన్నంతకాలం అరగవు. పొర పోతే కాలతాయి. కాలినా ఫర్వాలేదు, వాటంతటవే చల్లారనిస్తే మళ్ళీ పనికొస్తాయి.

బయట బిందెల వరుస పెరిగింది. పోలమ్మ లోపలికి తొంగి చూసింది. వడపోత గదిలో పనిచేసే తౌడు భార్య.

"ఏటన్నా, పంపు కాడ కూకుని కునుకు తీత్తన్నావా?"

"రింగు కాలిపోనాది. సల్లారాల."

"ఓస్, దానికేటి. నా బిందె అడుగున కాసిని ఉన్నాయి, ఇదిగో."

బిందె వంచబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"పొయ్యకే. మండుతున్న రాయి మీద సన్నీళ్ళు పడితే పైన ముడుసుకుంటాది, లోపల ముడుసుకోదు. పగులుతాది. ఆ పగులు కంటికి అవుపడదు. తిప్పినప్పుడు ముక్కలవుద్ది."

"అబ్బో. బాలింతరాలిని సూసుకున్నట్టు సూసుకుంతన్నావు పంపుని."

వరుసలో అందరూ నవ్వారు. ఆదెమ్మ కూడా వరుసలోనే ఉంది. చేతిలో కర్ర లేదు, చంకలో బిందె ఉంది. అందరికంటే గట్టిగా అదే నవ్వింది.

ఆ మాట ఎప్పుడో గోడ మీద ఎర్ర రంగుతో రాసి పెట్టాను. వేడిగా ఉండగా నీళ్ళు పోయరాదు. నా చేతిరాత బాగుంటుందని ఆఫీసువాళ్ళే రాయించారు. బిందెలతో వచ్చేవాళ్ళెవరూ గోడలు చదవరు.

4

రెండు పంపులూ తిరుగుతున్నాయి.

తౌడు తుంటిలో గుండు పగిలింది. పడలేదు, దెబ్బ తగల్లేదు. అన్నం తిని లేస్తున్నాడు.

"కంచం పగిలిందనుకున్నానన్నా," అంది పోలమ్మ. "సూత్తే కంచం నా సేతిలోనే ఉన్నాది."

అతనికి వేసింది పోలమ్మ తల్లి గుండు. ఆమె ఈ ఎండాకాలంలోనే పోయింది. డాక్టరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముక్కలు ఏరింది. గాజు పెంకుల్లా ఉన్నాయట. ఎంత ఏరినా సన్న పొడి కండలో మిగిలిపోతుందని, ఆ పొడి ఉన్నచోట ఇంకేం పెట్టినా అరిగిపోతుందని చెప్పింది. కొత్త గుండు దొరికినా తౌడుకు పనికిరాదు.

షెడ్డు బండి వచ్చి తీసుకెళ్ళింది. పోలమ్మ బండి కొయ్య పట్టుకుని గట్టు చివరిదాకా నడిచింది. బండి ఆ తర్వాత వేగం పెంచింది.

5

ఎడమ పంపు గంటసేపు ఆపి గొట్టం కడిగాను. కుడిది తిరుగుతోంది.

పై వరుస ఇళ్ళలో ఇంకో ఆమెకు గుండు పగిలిందట. బట్టలు ఉతకడానికి వంగిందంతే.

డాక్టరు యశోధర పంపుహౌసుకు వచ్చింది. ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. ముఖం కడుక్కుని గుమ్మంలో కూర్చుంది.

"తవిటినాయుడు గారూ, మీరు ఇక్కడివాళ్ళు. ఒకటి అడుగుతాను. పగిలినవన్నీ ఈ గట్టు మీద వేసినవే. దిగువ పేటలో నేను వేసినవి ఒక్కటీ పగల్లేదు. బట్టీ ఒకటే, పొడి ఒకటే, వేసిన చెయ్యి ఒకటే. తేడా ఎక్కడుంది?"

"దిగువ పేటోళ్ళు కాల్చరమ్మా. పాతిపెడతారు."

"తెలుసు. పాతిపెట్టే ముందు గుండు నేనే కోసి తీస్తాను. మీవాళ్ళు తీయనివ్వరు."

"సచ్చినోళ్ళకి కత్తి తగలకూడదు మాలో."

"సరే. కానీ మంట వల్ల దీనికేం కాదు. చితి కంటే చాలా ఎక్కువ వేడిలో కాలి వచ్చిన రాయి ఇది. ఇన్నేళ్ళూ చితుల్లోంచి వచ్చినవే వేశాను కదా, బాగానే ఉన్నాయి." ముఖం తుడుచుకుంది. "కాల్చాక ఎలా తీస్తారు?"

"ఎముకలేరినట్టే తీత్తాం. ఇదివరకు మూడోనాడు. ఇప్పుడు మర్నాడే గదా, నిప్పు ఉంటాది. అందుకని నీళ్ళు పోసి..."

నేను ఆగిపోయాను. ఆమె నన్ను చూడడం లేదు. నా వెనక గోడను చూస్తోంది. గోడ మీదున్నది పైకి చదివింది, బడిపిల్ల పాఠం చదివినట్టు.

"ఈ రాత ఎవరిది?"

"నాదే."

ఆమె లేచింది. డిపోలో ఈ గట్టు నుంచి వచ్చి, ఇంకా ఎవరికీ వేయని గుండు ఒకటి ఉందంది. వెళ్ళి దాన్ని సిరాలో ముంచి, తుడిచి, తెచ్చి నా చేతిలో పెట్టింది. భూతద్దం అక్కర్లేకుండానే కనిపించింది. తెల్లటి రాయి మీద వెంట్రుక లాంటి నల్లగీతలు, సాలెగూడులా.

"నేను కొలత చూశాను, నునుపు చూశాను. పగులు ఉంటుందని అనుకోలేదు. చితి మీద నీళ్ళు పోస్తారని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు."

"రాయికి నీళ్ళు పోత్తే పగులుతాదని మాకు తెలుసు. అక్కడున్నది రాయని అనుకోలేదు. పెదనాన్న అనుకున్నాం."

ఆవిరిలో విన్న టిక్కు గురించి కూడా చెప్పాను. ఆమె సిరా గుండును జేబులో వేసుకుంది.

6

రెండు పంపులూ తిరుగుతున్నాయి.

ఆదెమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉందామని నిన్నంతా అనుకున్నాను. పొద్దున్న అది కుంపటి ముందు గొంతుక్కూర్చుని ఊదుతుంటే చూడలేక చెప్పేశాను.

డాక్టరు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. లోపల ఉన్నదానికి సిరా పెట్టి చూడలేరు. పగలకముందే తీసేస్తే చోటు శుభ్రంగా ఉంటుంది, ఎప్పుడైనా మంచి గుండు వస్తే వేయొచ్చు. వచ్చేదాకా కాలు లేనట్టే. పగిలేదాకా ఉంచితే ఇక ఎప్పటికీ వేయడానికి ఉండదు.

"మంచి గుండు ఎప్పుడొత్తాది?"

"బట్టీలో కొత్తవి కాల్చట్లేదంట. పంపు రింగులు, కొండ తొలిచే మొనలు, సైన్యం కట్టుకునే పలకలు, వాటికే సరిపోతన్నాదంట పొడి."

"ఇంకెవరన్నా సావాల మరైతే."

"మనింట్లో గుండున్నోళ్ళు ఇంకెవులూ నేరు."

"తీసేత్తే, వచ్చేదాకా ఇంట్లోనే ఉంచుతారా?"

నేను బొగ్గులు కదిపాను. అది ఒక్కసారి తల ఊపి, కుంపటి మీద అన్నం గిన్నె పెట్టింది.

"అయితే తియ్యొద్దు. ఉన్నన్నాళ్ళు తిరుగుతాను. నువ్వు నా నడక అలగ ఇనకు బావా, నాకు కాళ్ళు తడబడతన్నాయి."

మధ్యాహ్నం అరలోంచి, పంపు మూతలో పెట్టే రాతి బంతి ఒకటి తీసి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళాను. నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే బంతి, చూడ్డానికి గుండులాగే ఉంటుంది. ఆమె దాన్ని వేళ్ళతో తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది. ముతక పొడి, లోపల కడ్డీ దిగే తొర్ర లేదు, వేస్తే తుంటి గిన్నెను నూరేస్తుంది అంది. నాకూ తెలుసు. అయినా పట్టుకెళ్ళాను.

7

కుడి పంపు ఆగింది. కారణం కింద రాశాను. ఈసారి ఆఫీసు చదవచ్చు.

డాక్టరు రాసిన మీదట డిపో అధికారి కామేశం గారు వచ్చారు. మర్యాదగా మాట్లాడే మనిషి. సిరా గుండు చూశారు. సోములును పిలిపించి అడిగారు.

"ఎప్పటి నుంచి నీళ్ళు పోస్తున్నారు?"

"మా తాతల కాడ్నుంచీ బాబూ. కాకపోతే మూడోనాడు పోసీవోళ్ళం. నిప్పు మీద పొయ్యమని నేర్పింది మీ బండే."

"బండి నీళ్ళు పోయమని చెప్పలేదు కదా."

"సెప్పనేదు. నిలబడింది."

కామేశం గారు నా వైపు తిరిగారు. "నీళ్ళకే ఇంత రాయి పగులుతుందంటే నమ్మడం కొంచెం కష్టంగా ఉంది."

నేను నీళ్ళు పీల్చే గొట్టం మూసి కుడి పంపు తిప్పాను. పొగ వచ్చేదాకా ఆగాను. పంపు ఆపి, ఒక చెంబుడు నీళ్ళు రింగు మీద పోశాను. టిక్కుమంది. అందరికీ వినిపించింది. గుడ్డతో తుడిచి చూపిస్తే ఆయనకు ఏమీ కనపడలేదు. మళ్ళీ పంపు తిప్పాను. రింగు మూడు ముక్కలై నీళ్ళు గోడకు కొట్టాయి. గోడ మీది అక్షరాలు తడిశాయి.

ఆయన చొక్కా దులుపుకుని తల ఊపారు. "అర్థమైంది. మీరు చెప్పింది నిజమే."

"అయితే గడువు మూడోనాటికి మార్పించండి బాబూ," అన్నాను.

"గడువు నా చేతిలో లేదు. మళ్ళీ గుండ్లు పోతే ఎవరిది బాధ్యత? నీళ్ళు పోయవద్దని మాత్రం నోటీసు పెట్టిస్తాను. లేదా దిగువ పేటలో లాగా ముందే కోసి తీయించండి."

"మా బతుకంతా మీ రాయే మోసినాం," అన్నాడు సోములు. "సచ్చినాక కూడా కోత్తారేటి బాబూ?"

కామేశం గారు గుమ్మం దిగారు. పోతూ పోతూ, రింగు రేపటి బండిలోనే పంపిస్తానని, పంపు ఆగితే పైవాళ్ళు ఊరుకోరని నాకు చెప్పారు. ఆదెమ్మ సంగతి కూడా అడిగాను. బట్టీకి రాస్తానన్నారు.

8

ఎడమ పంపు తిరుగుతోంది. కుడిదానికి రింగు రావాలి.

నోటీసు కాగితం మీద కాదు, కాల్చేచోటి గోడ మీద రాయించమని ఆఫీసు చెప్పింది. నా చేతిరాతే బాగుంటుందట. ఆదెమ్మ రంగు డబ్బా పట్టుకుని వెంట వచ్చింది. వద్దన్నాను. వినలేదు. గోడ పక్కన రాయి మీద కూర్చుని, నేను రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయని వంకలు పెట్టింది.

ఆఫీసు ఇచ్చింది రెండు వాక్యాలు. మొదటిది, వేడిగా ఉండగా నీళ్ళు పోయరాదు. రెండోది, గుండు మర్నాడు మధ్యాహ్నం లోపు అప్పగించవలెను.

ఆదెమ్మ రెండూ కూడబలుక్కుని చదివింది.

"పై మాట ఇంటే కింది మాట కుదరదు. కింది మాట ఇంటే పై మాట కుదరదు. ఇదేటి బావా, రెండూ నువ్వే రాసినావు."

"రాయమన్నారు."

సోములు దూరం నుంచి చూస్తున్నాడు. అక్కడ నిన్నటి చితి ఇంకా పొగలు కక్కుతోంది. ఆ ఇంటి కోడలు తుంటి విరిగి గుండు కోసం చూస్తోంది. బండి వచ్చి ఆగింది. వాళ్ళు గోడ మీది తడి రంగును చూశారు, బండిని చూశారు, ఎండను చూశారు. కొడుకు కుండ తీసుకున్నాడు. నేను వెళ్ళి కుండ పట్టుకున్నాను.

"ఒగ్గీ నాయుడూ," అన్నాడు అతను. గట్టిగా కూడా అనలేదు. "నీ ఇంట్లో ఆడది నడుత్తంది."

నేను వదిలేశాను. సుయ్యిమని ఆవిరి లేచింది.

ఇంటికి పోదామని ఆదెమ్మ రాయి మీది నుంచి లేచింది. కంచం పగిలిన చప్పుడు వినిపించింది. రంగు డబ్బా పడలేదు. పడకుండా దాన్ని మెల్లగా రాయి మీద పెట్టి, అప్పుడు కూలబడింది.

9

రెండు పంపులూ తిరుగుతున్నాయి.

కొత్త రింగు గడ్డిలో చుట్టి పంపారు. అది దింపిన బండిలోనే ఆదెమ్మను ఎక్కించారు. తన బిందె ఇంట్లోనే ఉంచమంది. పోలమ్మ నాకు తోడుగా గట్టు చివరిదాకా వచ్చింది. ఆ తర్వాత బండి వేగం పెంచుతుందని తనకు ముందే తెలుసు కాబట్టి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

డాక్టరు ఏరిన ముక్కలు డిపో వాళ్ళు తూచి పట్టుకెళ్ళారు. వాటిని నూరి పొడి చేసి, ఆ పొడితోనే కొత్త రింగులకు మెరుగు పెడతారట.

రింగు బిగించే ముందు ఎండలో పట్టి చూశాను. గీత లేదు. ముఖం కనపడేంత మెరుగుగా ఉంది. బిగించాను. చుక్క కారడం లేదు.